పెసర కాపు వేరు, కంది కాపు వేరు

తొలకరి వాన పడింది. చేను దున్నారు. ఒకే చేలో, ఒకే రోజున కంది, పెసర విత్తారు. కంది సాళ్ల నడుమ పెసర సాళ్లు.

పెసర తొందరగా ఎదుగుతుంది. 65, 70 రోజులకే కాయ నల్లబడి కోతకు వస్తుంది. అప్పటికి కంది ఇంకా పచ్చగానే ఉంటుంది. పూత కూడా ఉండదు.

మరి కంది పనికిరాని మొక్కా? కానే కాదు. మొదట్లో అది పైకి పెద్దగా పెరగదు. వేరును లోతుకు దించుకుంటుంది. ఆ వేరు వల్లే వానలు వెనక్కి పోయినా తట్టుకుని నిలబడుతుంది. జూన్‌లో విత్తితే పెసలు ఆగస్టులో ఇంటికి వస్తాయి. కందులు డిసెంబరు, జనవరి నెలల్లో వస్తాయి. ఈ సంగతి రైతుకు తెలుసు. అందుకే ఆగస్టులో కందిని పీకి పారెయ్యడు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఈ సంగతి మరిచిపోతారు.

కనిపించేది కొంచెమే

పొదుపు సంఘంలో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారనుకుందాం. ఒకామె అప్పు తీసుకుని పాడిగేదెను కొంది. పాలు పోస్తోంది. వాయిదాలు కడుతోంది. అది చూసి రెండో ఆమె కూడా గేదెను కొంది. ఆరు నెలలు తిరగకముందే వాయిదాలు కట్టలేక అమ్ముకుంది. "నా రాత ఇంతే, నాకు తెలివి లేదు" అని ఏడ్చింది.

లోపం తెలివిలో లేదు. లెక్క చూడండి. పాలిచ్చే గేదెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత కావాలి. ఎండుగడ్డి, దాణా వేరే. మొదటి ఆమెకు బోరు కింద అరెకరం ఉంది. గట్ల మీద గడ్డి కోసుకొస్తుంది. ఆమె పొలానికి వెళితే అత్త గేదెను చూసుకుంటుంది. రెండో ఆమెకు సెంటు భూమి లేదు. మేతంతా కొనాలి. కూలికి పోతే గేదెను చూసే దిక్కు లేదు. ఆమెకు పొరుగింటి గేదె కనిపించింది. గట్టు మీద గడ్డి కనిపించలేదు.

ఆమెకు కుట్టుపని వచ్చు. మిషను కొనుక్కుని ఉంటే మేత బాధ ఉండేది కాదు. కానీ తన చేతిలో ఉన్న పని ఆమె కంటికి ఆనలేదు.

బయలుదేరిన చోటు వేరు

చదువులోనూ ఇంతే. రాత్రి బడిలో ఒకామె గడగడా చదువుతుంది. పక్కామె అక్షరాలు కూడబలుక్కుంటుంది. "ఆమెకు వచ్చింది, నాకు రాలేదు" అని సిగ్గుపడి రావడం మానేస్తుంది. గడగడా చదివే ఆమె చిన్నప్పుడు రెండో తరగతి దాకా చదివి ఉండొచ్చు. ఈమె పలక పట్టింది నలభై ఏళ్లకు. నిరుడు వేలిముద్ర వేసింది. ఈ ఏడు సంతకం పెట్టింది. బస్సు మీద ఊరి పేరు చదివింది. అదీ ఆమె నడిచిన దూరం.

పోల్చి చూడవలసినవీ ఉన్నాయి

తన దారి తనదే అంటే అన్నిటికీ తల వంచమని కాదు. ఒకే చేలో ఒకే పని చేస్తే మగవాడికి ఎక్కువ కూలి, ఆడమనిషికి తక్కువ కూలి ఇస్తే? అప్పుడు పోల్చాలి. నలుగురూ కలిసి అడగాలి. ఒకే పనికి ఆడ, మగ ఇద్దరికీ ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. 2019లో చేసిన వేతనాల చట్టంలోనూ ఆ మాట ఉంది. కొడుకును బడికి పంపి, కూతుర్ని పనికి పంపడం కూడా తలరాత కాదు. అది పెద్దలు సరిదిద్దవలసిన తప్పు.

పొరుగామె మెడలోని గొలుసును చూసి కుమిలిపోతే మాత్రం ఏమీ రాదు. నిద్ర పోతుంది. ఒక్కోసారి అప్పు వస్తుంది.

పొరుగామె దగ్గర నేర్చుకోవలసింది ఉంటే అడిగి నేర్చుకోవచ్చు. కానీ కొలత మాత్రం సొంతది ఉండాలి. ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు: నిరుడు అప్పు ఎంత, ఇప్పుడెంత? నిరుడు రాని పని ఏది, ఇప్పుడు వచ్చింది ఏది?

ఆలోచించండి

1. ఇతరులను చూసి మీ ఊళ్లో ఎవరైనా అప్పు చేశారా? చివరికి ఏమైంది?
2. మీకు బాగా వచ్చిన పని ఏది? దాని పేరు రాయండి.
3. మీ ఊళ్లో ఆడవారికి, మగవారికి ఒకే కూలి ఇస్తున్నారా?