ముద్రకు కాపలా ఉంది, చేనుకేది?

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో షిఫ్టు దిగే వేళ గేటు దగ్గర నిలబడి పలకరిస్తే, చాలామంది మన పల్లెలవాళ్లే. ఊళ్లో కూలి గిట్టక నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. నాచారంలో ఒక ప్యాకింగు షెడ్డులో పనిచేసే అక్క మాతో ఇలా అంది: "పప్పు ఒక్కటే అన్నా. పొద్దుగాల ఒక పేరు సంచిల నింపుతం, మాపటికి ఇంకో పేరు సంచిల నింపుతం. రేట్లు మాత్రం వేరే వేరే. ఆ ఎక్కువ పైసలు మాకు రావు, పండించినోనికీ రావు."

మరి ఆ తేడా ఎక్కడిది? సంచి మీది ముద్రది. చట్టం దాన్ని ట్రేడ్‌మార్కు అంటుంది. పేరు, బొమ్మ, అక్షరాల తీరు, రంగుల కలయిక, డబ్బా ఆకారం - ఒకరి సరుకును మరొకరి సరుకు నుంచి వేరుచేసి చూపేది ఏదైనా మార్కే. ఉత్త "కందిపప్పు" అనే మాటను మాత్రం ఎవరూ సొంతం చేసుకోలేరు. అది సరుకు పేరు, అందరిదీ.

1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. మన ప్రాంతానికి రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. ఒకసారి రిజిస్టరైతే పదేళ్లు హక్కు. రుసుము కడుతూ పోతే తరతరాలు నిలుస్తుంది. దొంగ ముద్ర వేసినవాడికి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. రిజిస్ట్రారు అభిప్రాయం తీసుకుని, డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి వారంటు లేకుండానే సోదా చేయవచ్చు.

ఈ రక్షణ వద్దని మేము అనడం లేదు. నకిలీ సంచితో ముందు మునిగేది రైతే. కానీ ఒకటి గమనించాలి. సరుకు ఎవరిదో మార్కు చెబుతుంది. మంచిదని పూచీ పడదు.

ఆ కందులు పండించిన రైతే తొలకరిలో విత్తనానికి పోతే, అక్కడా సంచి మీది బొమ్మనే నమ్మాలి. మొలక రాకపోతే? ముద్ర అసలుదే అయినా చేను పోయింది గదా! ఆంధ్రప్రదేశ్ రైతులు ఇలాగే నష్టపోయి, సాక్షాత్తు జాతీయ విత్తనాల సంస్థ మీదనే పోరాడారు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, పరిహారం కోసం వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ముద్ర చట్టం ఇవ్వని కాపలా రైతులు కొట్లాడి తెచ్చుకున్నారు.

2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం ఇంకో సంగతి చెబుతుంది. సొంత పంట గింజను రైతు దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే ఆ చట్టం కింద రక్షణ పొందిన రకమైతే, ఫలానా రకమని చీటీ అంటించి సంచిగట్టి అమ్మకూడదు. గింజ రైతుది, చీటీ ఇంకొకరిది!

కాబట్టి కొన్నప్పుడు లాట్ నంబరు రాయించి బిల్లు తీసుకోండి. ఖాళీ సంచి పారేయకండి, పంట ఇంటికొచ్చేదాకా చూరులో దోపి ఉంచండి. సహకార సంఘాలున్నచోట సొంత ముద్ర సంగతీ ఆలోచించండి. సంఘ సభ్యులందరూ వాడుకునే సమష్టి మార్కును రిజిస్టరు చేసుకునే వీలు 1999 చట్టంలోనే ఉంది.

పండించిన చేతులు, సంచి నింపిన చేతులు మనవే. ముద్ర కూడా మనదైన నాడు, నాచారం అక్క చెప్పిన ఆ ఎక్కువ పైసల లెక్క మనం అడగగలం.