హాకీబాలుర గోలులు, పెద్దల అంచనాలు

పదునైదేండ్ల బాలుడొకడు పాఠశాలల పోటీలలో వరుసగా గోలులు కొట్టినచో చూపరుల మనస్సున పుట్టు మొదటి ప్రశ్న యొక్కటే: వీడు పెద్దవాడైన పిమ్మట ఎన్ని గోలులు చేయగలడు? ప్రశ్న సహజమైనదే. దానికి మనవారు చెప్పు జవాబులు మాత్రము తొందరపాటుతో కూడినవి. నాలుగాటలు చూచి యొకనిని ధ్యానచందని ఎత్తుటయు, తరువాతి నాలుగాటలలో వానికి గోలు పడకున్నచో పేరైనను తలపకుండుటయు మనకు అలవాటైపోయినది. ఇందువలన ఆటకు కలుగు నష్టముకంటె ఆ బాలునకు కలుగు నష్టము మిక్కుటము.

ఈ విషయమున అలియాబాదువంటి గ్రామముల బాలురు మిక్కిలి నష్టపోవుదురు. హైదరాబాదునకు ఉత్తరముగా రాజీవు రహదారిమీద హకీంపేట, తూముకుంట, షామీరుపేట దాటిన పిమ్మట అలియాబాదు వచ్చును. ఒకప్పుడు ఈ ప్రాంతము ద్రాక్షతోటలకు పేరుపడినది. నేడు ఇండ్లస్థలముల హద్దురాళ్లకు పేరుపడినది. దారిలోని హకీంపేటయందు 1993లో నెలకొల్పబడిన క్రీడాపాఠశాల కలదు. నాలుగవ తరగతికి బాలబాలికలను ఎన్నుకొనుటకు అచ్చట ఎత్తు, బరువు చూతురు, 30 మీటర్లు, 800 మీటర్లు పరుగెత్తింతురు, నిలుచున్నచోటినుండి దుమికింతురు, బరువైన బంతిని విసరింతురు. శరీరదార్ఢ్యమును తెలిసికొనుటకు ఇవి తగిన పరీక్షలే. కాని వీనిలో హాకీకర్ర యెచ్చటను కానరాదు. బంతి తనవద్దకు రాకమునుపే ఎచ్చటికి వచ్చునో ఊహించి అచ్చట నిలుచు నేర్పును ఏ కొలబద్దయు కొలువజాలదు. గోలుచేయువానికి కావలసిన మొదటి గుణమదియే.

ఇంకొక చిక్కు కలదు. జూన్‌లో పుట్టిన బాలుడును, మరుసటి మేలో పుట్టిన బాలుడును ఒకే తరగతిలో కూర్చుందురు. తొమ్మిదేండ్ల ప్రాయమున పదునొకండు నెలల వ్యత్యాసమనగా జీవితమున పదవపాలు. పెద్దవాడు సహజముగనే ముందు పరుగెత్తును. మనము దానిని ప్రతిభయని వ్రాసికొందుము. కెనడాలోని మంచుహాకీ ఆటగాండ్ర పుట్టిననెలలను 1985 ప్రాంతమున బార్న్‌స్లీ యను పండితుడు పరిశీలింపగా, పేరొందినవారిలో సంవత్సరారంభపు నెలలలో పుట్టినవారే అధికముగ కానవచ్చిరి. అచ్చట వయస్సును జనవరినుండి లెక్కించుటయే ఇందుకు కారణము. కడపటి నెలలలో పుట్టిన బాలురకు నేర్పులేదని యెవడు చెప్పగలడు? వారిని చూచినవారే లేరు.

గోలుల సంఖ్య మనలను ఎట్లు మోసపుచ్చునో మన దేశపు ఆటచరిత్రయే తెలుపును. 1932లో లాసేంజలీసు ఒలింపిక్కులయందు భారతజట్టు అమెరికాపై 24 గోలులు చేసినది. అందు ధ్యానచందు తమ్ముడు రూపసింగువి 10, ధ్యానచందువి 8. జపానుపై చేసిన 11 గోలులను కలుపుకొని ఆ పోటీలలో మన గోలులు 35. వానిలో రూపసింగువి 13, ధ్యానచందువి 12. ఈ లెక్కనుబట్టి తమ్ముడు అన్నను మించెనని చెప్పవచ్చునా? ఆ యేడు హాకీలో పాల్గొన్నవి మూడే జట్లు. ఇరువురు సోదరులు ఆడినది రెండే ఆటలు. రూపసింగు గొప్ప ఆటగాడనుటలో సందేహము లేదు. ఎదుటిపక్షపు బలమును లెక్కింపని సంఖ్య వట్టి అంకెయేయని మాత్రము చెప్పకతప్పదు.

దీనికి వ్యతిరేకమైన కథ 1948లో లండనున జరిగినది. బల్బీరుసింగు అను యువకుడు అర్జెంటీనాపై తన మొదటి ఒలింపిక్కు ఆట ఆడి 6 గోలులు చేసెను. మనవారు 9-1న గెలిచిరి. ఇట్టివానిని మరునాటి ఆటకు ముందుగా పిలుతురని చదువరులు తలంతురు. తరువాతి ఆటలో అతడు లేడు! ఆ యేడు మన జట్టు ఆడిన అయిదాటలలో అతనికి దక్కినవి రెండే. రెండవది ఆగస్టు 12న వెంబ్లీలో బ్రిటనుతో జరిగిన అంతిమపోటీ. స్వాతంత్ర్యమునకు ఏడాది నిండుటకు మూడుదినములముందు, మొన్నటివరకు మనలను ఏలినవారి గడ్డమీద మనము 4-0న గెలువగా, మొదటి రెండు గోలులు బల్బీరువి. నాలుగేండ్ల పిమ్మట హెల్సింకీలో మన జట్టు మూడాటలలో చేసిన 13 గోలులలో 9 అతనివే. హాలండుతో జరిగిన అంతిమపోటీలో 5. ఇట్టివాడు లండనులో మూడాటలు బయట కూర్చుండెననిన, ఎన్నుకొనువారి చూపుకూడ ఎంతదూరము పోవునో తెలియుచున్నది.

ఇక గోలు ఎట్లు పడినదను ప్రశ్న. 2024 పారిసు ఒలింపిక్కులలో మన జట్టు చేసిన 15 గోలులలో 10 హర్మన్‌ప్రీతుసింగువి. అతడు వెనుకవరుస ఆటగాడు. ఆ పదియు పెనాల్టీ కార్నరులనుండియు పెనాల్టీ స్ట్రోకులనుండియు వచ్చినవి. అది యొక ప్రత్యేకవిద్య. ఆటసాగుచుండగా ప్రత్యర్థులనడుమ దూరి చేయు గోలు వేరొక విద్య. బాలుడు చేసిన గోలులలో రెంటిని కలిపి లెక్కించుట వడ్లను జొన్నలను ఒకే గంపలో కొలుచుటవంటిది. మన హైదరాబాదు బిడ్డ నందనూరి ముఖేశుకుమారు 1992, 1996, 2000 సంవత్సరములలో మూడు ఒలింపిక్కులు ఆడెను. 1995లో అర్జున పురస్కారమును, 2003లో పద్మశ్రీని అందుకొనెను. కుడిప్రక్కనుండి బంతిని తెచ్చి నడుమనున్నవానికి అందించుట ఆ స్థానమున ఆడువాని పని. గోలు పుస్తకమున రెండవవాని పేరు పడును. మొదటివాని పరుగు గాలిలో కలియును.

కావున బాలుని భవిష్యత్తును అంచనా వేయువాడు ఏమి చేయవలెను? ఒక ఉదాహరణము చూతము. అలియాబాదు బాలుడొకడు ఆరాటలలో 12 గోలులు చేసెననుకొందము. ఆటకు రెండని సంబరపడుదుము. విప్పిచూడగా అందు 7 బలహీనమైన జట్టుపై ఒక్క ఆటలో పడినవి. 3 పెనాల్టీ కార్నరులు, అవియు జట్టులో కొట్టుటకు వేరెవ్వరును లేనందున వానికి దక్కినవి. మిగిలినవి అయిదాటలలో రెండు. అంతమాత్రమున వాడు కొరగానివాడని తలపరాదు. ఆ యయిదాటలలో గోలుముందటి అర్ధవృత్తములోనికి ఎన్నిమార్లు బంతితో చొచ్చెను, ఎన్నిమార్లు గోలువైపు కొట్టెను, బంతి వచ్చువేళకు ఎన్నిమార్లు తగినచోట నిలిచియుండెను, మొత్తము ఎన్ని నిమిషములు ఆడెను అనునవి చూడవలెను. హాకీలో అర్ధవృత్తమునందు కర్ర తాకనిదే గోలు లెక్కకు రాదు. కావున అచ్చటికి చేరుటయే సగము పని. గోలులు అరుదు; ప్రయత్నములు అనేకము. అనేకమైనదానిని లెక్కించినచో అదృష్టము పాలు తగ్గి నేర్పు బయటపడును. ఇరువది యాటలైనను గడవనిదే సంఖ్యను నమ్మరాదు. నమ్మినను "ఇన్ని చేయును" అని యొక్క అంకె చెప్పక, ఇంతకు తగ్గడు, ఇంతకు మించడు అని హద్దులు చెప్పుట మేలు. పొలములో దిగక గట్టుమీదనుండియే అణావారీ వ్రాసిన పట్వారీని రైతు నమ్మునా? బాలుర విషయమున మనము గట్టుమీది పట్వారీలమే.

నేలయొక్క సంగతి వేరుగ చెప్పవలసియున్నది. 1976లో మాంట్రియలు ఒలింపిక్కుల హాకీని మొదటిసారి కృత్రిమపచ్చికపై ఆడించిరి. అంతవరకు పతకము లేక తిరిగిరాని భారతజట్టు ఆ యేడు ఏడవస్థానమున నిలిచినది. మట్టినేలపై బంతి ఎగిరిపడును. దానిని అదుపుచేయు మణికట్టు విద్యలో మనవారు ఆరితేరిరి. పచ్చికపై బంతి నునుపుగ, వేగముగ పోవును. అచ్చట పరుగును, దూరపు కొట్టును గెలుచును. మట్టిమీద చేసిన గోలులనుబట్టి పచ్చికమీది గోలులను ఊహించుట మెట్టపంటనుబట్టి మాగాణి దిగుబడిని చెప్పుటయే. అట్టి పచ్చిక గచ్చిబౌలిలో కలదు. అలియాబాదు బాలుడు అచ్చటికి చేరుటకు నగరమును ఈ కొసనుండి ఆ కొసకు చుట్టిపోవలెను. 2005లో ప్రీమియరు హాకీ లీగు మొదటిసారి జరిగినపుడు ఆటలు హైదరాబాదులోనే యాడిరి. హైదరాబాదు సుల్తానులే గెలిచిరి. 2025 ఫిబ్రవరి 1న హైదరాబాదు తూఫానుల జట్టు హాకీ ఇండియా లీగు అంతిమపోటీలో బెంగాలు జట్టుచేత 3-4న ఓడినది; ఆ ఆట జరిగినది ఒరిస్సాలోని రూర్కెలాలో. పేరు మనది, చూచుభాగ్యము వారిది.

2025లో అలియాబాదు పురపాలకసంఘమైనది. భూముల ధరలు పెరుగుచున్న ఈ తరుణమున ఒక్క మైదానమునకు చాలినంత నేలను ఆటకై విడిచిపెట్టుట కష్టమే. హాకీమైదానము నిడివి 100 గజములు, వెడల్పు 60 గజములు. అనగా ఎకరమున్నరకు మించదు. సంఘమువారును, భూములుగల పెద్దలును కలిసి దీనిని మొదటి పనిగా చేపట్టినచో, రెండవదానికి ఖర్చు మిక్కిలి స్వల్పము: ఒక గీతలపుస్తకము, ప్రతి యాటకు గట్టుమీదగాక గీతయొద్ద కూర్చుండి వ్రాయు ఉపాధ్యాయుడొకడు. బాలుని పేరు, పుట్టిన నెల, ఆడిన నిమిషములు, అర్ధవృత్తములోనికి చేరిన మార్లు, గోలువైపు కొట్టిన మార్లు, బంతి నందించినవాని పేరు, ఎదుటిజట్టు పేరు. గోలుల గడిని కట్టకడపట వేయవచ్చును.