రాతి మీది చరిత్ర, నోటి చరిత్ర

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు చెప్పగానే మనకు వ్యావహారిక భాషోద్యమం గుర్తుకొస్తుంది. ఆయన శాసనాలు చదివిన మనిషి అన్న సంగతి మన సాహిత్య చర్చల్లో అరుదుగా వినిపిస్తుంది. గ్రామ చరిత్ర సంఘాలకు రచయితలు ఎందుకు తోడుండాలో తెలియాలంటే ఆ సంగతి దగ్గరే మొదలుపెట్టాలి.

ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన రామమూర్తిగారు, ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో బడిపంతులు. పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. శక సంవత్సరం 979 నాటి వజ్రహస్తుని నడగాం రాగిరేకులను పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 4వ సంపుటంలో ప్రకటించారు. గాంగుల కళింగనగరం వంశధార ఒడ్డునున్న ముఖలింగమేనని వాదించారు.

అయితే ఇలాంటి దానశాసనాల్లో ఉండేదేమిటి? రాజుగారి వంశావళి, దానం, పొలిమేరలు. ఆ పొలిమేరల మధ్య దున్నినవాడి గొంతు వాటిలో వినపడదు. రామమూర్తిగారు రాగిరేకుల దగ్గర ఆగిపోలేదు. సవరల భాష నేర్చి, వారి పాటలూ కథలూ సేకరించారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చరిత్ర సంఘం పెట్టుకునేవారికి ఈ రెండు పనులూ కావాలి. గుడిగోడ శాసనానికి సున్నం కొట్టనివ్వకూడదు. రాతిని కడిగి, తడికాగితం పరచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా కుంచెతో కొట్టి, పైన సిరా అద్దితే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలుతాయి. అనుభవజ్ఞుల దగ్గర నేర్చుకుంటే ఇది పల్లెటూళ్లో చేయలేని పనికాదు. భూమిలో రాగిరేకులో నాణాలో దొరికితే దాచుకోకుండా అధికారులకు తెలపాలి.

రెండో పని రచయితలది. తప్పెటగుళ్లవారి పాటను, జముకులకథను, ముసలమ్మ చెప్పే కరువు కబురును, ఆ యాసలోనే, చెప్పినవారి పేరుతో, తేదీతో రాసిపెట్టాలి. మన వ్యాకరణంతో దిద్దిన మరుక్షణం అది సాక్ష్యం కాకుండా పోతుంది. శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథను ఆయుధం చేసుకున్నారు. ఊరి కళకు వర్తమానాన్ని మోసే బలం కూడా ఉందని దానివల్ల తేలింది.

మనం పక్కన నిలబడకపోతే ఈ సంఘాలు జమీందార్ల వైభవానికో, ఒక కులం గొప్పకో భజన మందిరాలయ్యే ప్రమాదం ఉంది. దూరాన కూర్చుని విమర్శించడం తేలిక. సెలవురోజున ఒక నోటుపుస్తకంతో ఊళ్లోకి వెళ్లడం అంతకంటే అవసరం. రాయి ఇంకొన్నాళ్లు ఆగుతుందేమో గాని, ముసలమ్మ ఆగదు.