గోల్‌కీపర్ తప్పు ఎంతవరకు?

గత సంవత్సరం అంతర కళాశాల ఫుట్‌బాల్ పోటీలలో మన జట్టు సెమీఫైనల్ వరకు వెళ్ళి, ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు ఒక కార్నర్ కిక్కు వలన ఓడిపోయిన సంగతి విద్యార్థులందరికీ తెలిసినదే. బంతి గోల్‌కీపర్ చేతులను తాకి నేల మీద పడినది. ఎదుటి జట్టువాడు కాలు చాచాడు. అంతటితో అయిపోయినది. ఆ సాయంత్రం మొదలు వారం రోజుల వరకు క్యాంటీనులోను, లైబ్రరీ మెట్ల మీదను ఒకటే మాట: కీపర్ బంతి వదిలేశాడని. ఉర్దూలోను అదే మాట, తెలుగులోను అదే మాట. ఈ ఒక్క విషయంలో మాత్రం మన కళాశాలలో రెండు భాషల వారికి సంపూర్ణమైన ఏకాభిప్రాయం కుదిరినది. ఆ విద్యార్థి ఈ సంవత్సరం జట్టు ఎంపికకు తన పేరు ఇవ్వలేదు.

నేను ఆ రోజు మైదానం గీత పక్కనే నిలబడి ఉన్నాను. నేను చూచినది క్యాంటీనులో చెప్పుకొన్న కథ కంటె కొంత భిన్నమైనది. అది వివరించవలెనంటే ముందుగా, బంతి ఆగినప్పుడు గోల్‌ను కాపాడడం ఎందుకంత కష్టమో చెప్పవలసి ఉన్నది.

ఆట నడుస్తున్నంత సేపు దాడి చేసేవారి కష్టం దాడి చేసేవారికి ఉంటుంది. బంతిని అదుపులో ఉంచుకోవాలి, ఎదుటివారిని తప్పించుకోవాలి, ఆఫ్‌సైడ్ పడకుండా చూచుకోవాలి. కార్నర్ కిక్కు, ఫ్రీ కిక్కు వచ్చినప్పుడు ఈ కష్టాలన్నీ ఒక్కసారిగా తొలగిపోతాయి. బంతి కదలకుండా నేల మీద ఉంటుంది. కొట్టేవానికి తొందర లేదు. ఎదుటివారు 9.15 మీటర్ల దూరంలో నిలబడి తీరవలెను. వెనుక ఉండవలసిన పొడగరి ఆటగాళ్ళు ముందుకు వచ్చి గోల్ ముందు చేరుతారు. పైగా కార్నర్ కిక్కు నుండి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ నియమం వర్తించదు. కాబట్టి ఒక వరుసగా ముందుకు జరిగి శత్రువును ఆఫ్‌సైడ్‌లో పడవేసే ఉపాయం ఆ క్షణాన పనికిరాదు. 2018 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ జట్టు మొత్తం 12 గోల్స్ చేయగా, అందులో 9 ఈ విధంగా ఆగిన బంతి నుండి, పెనాల్టీలతో కలిపి, వచ్చినవే. అట్టి జట్టును ఎదుర్కొన్నవారు కార్నర్ ఇవ్వడానికే భయపడవలసి వచ్చినది. 2025 నుండి మరొక నియమం కూడా చేరినది: గోల్‌కీపర్ బంతిని చేతులలో 8 సెకన్లకు మించి ఉంచుకొంటే ఎదుటి జట్టుకు కార్నర్ కిక్కు ఇస్తారు. కాలయాపన చేసే కీపర్లకు ఇది మంచి శిక్షయే.

కొలతలు కూడ కొన్ని మనసులో ఉంచుకోవలెను. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. దాని ముందర గోల్ ఏరియా అనే చిన్న పెట్టె 18.32 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల లోతు కలది. 68 మీటర్ల వెడల్పు గల మైదానంలో మూల జెండా నుండి దగ్గర స్తంభం వరకు 30 మీటర్ల చిల్లర దూరం. గట్టిగా కొట్టిన బంతి ఆ దూరాన్ని రెండు సెకన్లు నిండకముందే దాటగలదు. ఆ వ్యవధిలోనే గోల్‌కీపర్ బంతి ఎటు వంగుతున్నదో గ్రహించాలి, బయటకు రావడమా నిలబడడమా నిర్ణయించాలి, ఇరవై మంది మధ్య దారి చేసుకోవాలి, చేతులు ఎత్తాలి. మనం గ్యాలరీలో కూర్చొని వేరుశనగ తొక్క తీసే వ్యవధి అది.

కార్నర్‌ను ఎదుర్కొనడంలో రెండు పద్ధతులు ప్రసిద్ధములు. మొదటిది మనిషికి మనిషిని అంటిపెట్టడం. దీనిలో బాధ్యత స్పష్టం. ఎవని మనిషి గోల్ చేశాడో వానినే అడగవచ్చును. అయితే కాపలాదారు తన మనిషిని చూడడంలో బంతిని చూడలేకపోతాడు. ఎదుటివారు ఒకరి దారికి ఒకరు అడ్డుగా నిలిచి, గుంపుగా బయలుదేరి నాలుగు దిక్కులకు చీలిపోతే, కాపలాదారు గుంపులో చిక్కుకొంటాడు. ఒక్కడు తప్పించుకొన్నా చాలును. రెండవది చోటును కాపాడే పద్ధతి. ప్రతివానికి గోల్ ఏరియాలో ఒక స్థానం. ఆ స్థానానికి వచ్చిన బంతి వానిది. ఇందులో అందరి కళ్ళు బంతి మీదనే ఉంటాయి. లోపం ఏమనగా, నిలబడిన చోటు నుండి ఎగిరేవాడు, పది అడుగులు పరుగెత్తి వచ్చి ఎగిరేవానితో సమానంగా లేవలేడు. 1998 ప్రపంచ కప్ ఫైనల్లో ఫ్రాన్స్‌కు చెందిన జిదాన్ బ్రెజిల్ మీద మొదటి అర్ధభాగంలోనే రెండు కార్నర్లకు రెండు హెడర్లు కొట్టాడు. ఒకటి కుడి వైపు నుండి, ఒకటి ఎడమ వైపు నుండి. జిదాన్ ప్రసిద్ధుడైనది పాద విన్యాసం వలననే కాని తలతో కొట్టడం వలన కాదు. మొదటి హెత్తరికతో బ్రెజిల్ వారు మేలుకొన్నట్లు కనబడదు.

అందువలన నేటి పెద్ద జట్లు ఈ రెంటినీ కలిపి వాడుతున్నవి. నా అభిప్రాయంలో వారానికి రెండు గంటలు కూడ కలిసి ఆడని కళాశాల జట్టుకు, ఎదుటివారిలో బాగా తలతో ఆడే ముగ్గురికి ముగ్గురిని అంటిపెట్టి, దగ్గర స్తంభం ముందు ఒకనిని, గోల్ ఏరియా మధ్యలో ఇద్దరిని నిలపడమే క్షేమం. పూర్తిగా చోటు పద్ధతి చూడడానికి అందంగా ఉంటుంది గాని, దానికి నెలల తరబడి సాధన కావలెను.

స్తంభాల వద్ద మనుష్యులను నిలపవలెనా అనే చర్చ మరొకటి ఉన్నది. పూర్వం రెండు స్తంభాల వద్ద ఇద్దరు నిలబడడం ఆచారం. ఈ రోజులలో చాలమంది శిక్షకులు ఆ ఇద్దరినీ గుంపులోకి పంపడమే మేలంటారు. 2018 జూలై 3న మాస్కోలో ఇంగ్లండ్ ఒక గోల్ ఆధిక్యంతో ఉండగా, రెండవ అర్ధభాగం చివర కలిపిన నిమిషాలలో కొలంబియాకు కార్నర్ వచ్చినది. ఆ దేశపు పొడగరి డిఫెండర్ మీనా లేచి తలతో నేలకు కొట్టాడు. గోల్ గీత మీద ఇంగ్లండ్ బ్యాక్ ట్రిప్పియర్ ఉండనే ఉన్నాడు, బంతికి తల కూడ అందించాడు. కాని బంతి పైకి లేచి వల కప్పులోకి పోయినది. కాపలా ఉన్నంత మాత్రాన గోల్ ఆగదు. ఇంగ్లండ్ అదృష్టవశాత్తు పెనాల్టీలలో గెలిచినది గనుక ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఓడి ఉంటే ట్రిప్పియర్ పేరు ఏమయ్యేదో ఊహించుకోవచ్చును.

కొన్ని గోల్స్‌కు పద్ధతితో నిమిత్తమే లేదు; పరాకు ఒక్కటే కారణం. 2019 మే 7న లివర్‌పూల్‌లో బార్సిలోనా జట్టు, మొదటి ఆటలో మూడు గోల్స్ ఆధిక్యం సంపాదించి కూడ, రెండవ ఆటలో ఆ ఆధిక్యం కోల్పోయిన స్థితిలో ఉన్నది. 79వ నిమిషంలో కార్నర్ వద్ద అలెగ్జాండర్ ఆర్నాల్డ్ బంతిని వదలి వెళ్ళిపోతున్నట్లు రెండడుగులు వేసి, చటుక్కున తిరిగి కొట్టాడు. బార్సిలోనా వారిలో పలువురు బంతికి వీపు పెట్టి ఉన్నారు. ఒరిగీ ఒంటరిగా నిలబడి గోల్ చేశాడు. ప్రపంచంలో అత్యధిక వేతనాలు పొందేవారి సంగతియే ఇది. మన పిల్లలు ఒకసారి నీళ్ళ సీసా కోసం తల తిప్పితే అంతగా ఆశ్చర్యపడనక్కరలేదు.

ఫ్రీ కిక్కుల గురించి క్లుప్తంగా చెప్పుతాను. గోడ కట్టేది దగ్గర స్తంభం వైపును కప్పడానికి. రెండవ వైపు గోల్‌కీపర్‌ది. 2019 నుండి, ముగ్గురు గాని అంతకు మించి గాని గోడగా నిలబడినప్పుడు ఎదుటి జట్టువారు దానికి ఒక మీటరు దూరంలో ఉండవలెనని నియమం వచ్చినది; అంతకు ముందు గోడలోనే దూరి తోపులాట చేసేవారు. గోడ ఎగిరినప్పుడు కింద నుండి బంతి పోకుండ వెనుక ఒకడు నేల మీద పడుకోవడం కూడ ఇప్పుడు మామూలైనది. 2018లో ఇంటర్ మిలాన్‌కు చెందిన బ్రోజోవిచ్ ఆ విధంగా పడుకొని సువారెజ్ కొట్టిన బంతిని ఆపినప్పుడు చూచినవారు నవ్వారు. తరువాత వారి జట్లే ఆ పని చేయసాగినవి.

ఇక గోల్‌కీపర్. అతని తప్పులలో సగం చేతుల వలన కాక, కాళ్ళ వలన జరుగుతాయి. ఎత్తుగా వచ్చే బంతికి బయటకు రాదలచుకొంటే పూర్తిగా రావలెను. నిలబడదలచుకొంటే గీత మీద నిలబడవలెను. సగం వచ్చి ఆగినవానికి గోల్ వెనుకనూ లేదు, బంతి ముందరనూ లేదు. గుంపులో రెండు చేతులూ స్వేచ్ఛగా లేనప్పుడు పట్టుకొనే ప్రయత్నం మాని, రెండు పిడికిళ్ళతో ఎత్తుగా, పక్కకు కొట్టవలెను. మధ్యకు కొట్టినచో శత్రువు పాదాల ముందే వడ్డించినట్లవుతుంది. 2002 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్ ఆటగాడు రొనాల్డీన్యో చాల దూరం నుండి కొట్టిన ఫ్రీ కిక్కు, ఎవరికో అందిస్తాడని భావించి ముందుకు జరిగిన ఇంగ్లండ్ కీపర్ సీమన్ తల మీదుగా పోయి వలలో పడినది. అతని చేతులలో లోపం లేదు. నిలబడిన చోటే తప్పైనది. ఆట తరువాత ఆయన కన్నీళ్ళు పెట్టుకొన్నాడు.

అదే పోటీలో జర్మనీ కీపర్ ఒలివర్ కాన్ ఫైనల్ వరకు ఒకే ఒక్క గోల్ ఇచ్చాడు. ఫైనల్లో 67వ నిమిషాన రివాల్డో కొట్టిన బంతి చేతుల నుండి జారినది, రొనాల్డో దానిని వలలోకి నెట్టాడు. ఆ ఆటలోనే కాన్ వేలికి గాయమైనది. ఆ పోటీలో ఉత్తమ ఆటగాడుగా ఎంపికైనవాడు ఆయనే. అయినను ఆయన పేరు చెప్పగానే చాలమందికి మొదట గుర్తు వచ్చేది ఆ జారిన బంతియే.

అన్నిటికంటె దారుణమైనది బ్రెజిల్ కీపర్ బార్బోసా గాథ. 1950 జూలై 16న రియో నగరంలోని మరకానా మైదానంలో సుమారు రెండు లక్షల మంది ఎదుట ఆట జరిగినది. ఉరుగ్వే మీద డ్రా చేసినా బ్రెజిల్‌కు కప్ దక్కేది. మొదటి గోల్ బ్రెజిల్‌దే. తరువాత ఉరుగ్వే ఆటగాడు గిజ్జియా కుడి వైపున పరుగెత్తి మధ్యకు బంతి అందించగా స్కియాఫినో గోల్ చేశాడు. 79వ నిమిషంలో గిజ్జియా మళ్ళీ అదే దారిన వచ్చాడు. బార్బోసా, ఇందాకటి వలెనే మధ్యకు ఇస్తాడనుకొని, దగ్గర స్తంభం నుండి ఒక అడుగు ఇవతలకు జరిగాడు. గిజ్జియా ఆ సందులో నేరుగా కొట్టాడు. ఆలోచించి చూడండి: ఒకసారి జరిగినదానిని బట్టి రెండవసారి ఊహించడం బుద్ధిమంతుని లక్షణం కాదా? రెండుసార్లూ ఆ వైపు ఖాళీగా వదలినవారిని ఎవరడిగారు? బార్బోసా 2000 సంవత్సరంలో మరణించేవరకు ఆ గోల్ ఆయనను వదలలేదు. తమ దేశంలో ఏ నేరానికైనా గరిష్ఠ శిక్ష ముప్పది ఏండ్లే అయినా, తాను చేయని నేరానికి యాభై ఏండ్లు అనుభవించానని ఆయన వాపోయేవాడట.

ఇప్పుడు మన గోల్ సంగతి. కార్నర్ వచ్చినప్పుడు దగ్గర స్తంభం ముందు నిలబడవలసినవాడు రిఫరీతో వాదిస్తున్నాడు. ఎదుటి జట్టు సెంటర్ ఫార్వర్డ్‌ను కాపాడవలసిన ఇద్దరిలో ప్రతివాడు రెండవవాడు ఉన్నాడనుకొన్నాడు. మన కీపర్ బయటకు వచ్చాడు, పూర్తిగానే వచ్చాడు, "వదులు!" అని అరిచాడు కూడ. మన స్టాపర్ ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. అతనికి తెలుగు రాక కాదు. మనందరికంటె చక్కగా మాట్లాడుతాడు. కాని ఆ గోలలో, ఆ అరక్షణంలో, చెవికి చేరిన మాట మనసుకు చేరలేదు. అతడూ ఎగిరాడు. అతని భుజం కీపర్ మోచేతికి తగిలినది. బంతి జారినది. ఇందులో కీపర్ భాగం లేదనను. ఆ గుంపులో పట్టుకొనబోక పిడికిళ్ళతో కొట్టి ఉండవలసినది. అది అతని తప్పే. కాని నాలుగింటిలో ఒకటి.

కాబట్టి జట్టుకంతటికి ఒకే పిలుపు ఉండవలెను. "వదులు" అని గాని, "ఛోడ్" అని గాని అరవరాదు. పేరు లేకుండ అట్లు అరిచి ఎదుటివారిని మోసగించినట్లు రిఫరీ భావిస్తే హెచ్చరిక కార్డు కూడ చూపవచ్చును. కీపర్ వస్తున్నప్పుడు "కీపర్!", నిలిచిపోయినప్పుడు "అవే!" అన్న రెండు మాటలు ఉభయ భాషల వారికి సమానంగా పరాయివి, సమానంగా తెలిసినవి.

ఇటువంటి సాధన మన నగరానికి కొత్త కాదు. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచినది. బంతిని కాళ్ళతో దొర్లించుకుపోరాదనే నిబంధనతో ఒక పోటీ, బలహీనమైన కాలితోనే ఆడవలెనని ఒక పోటీ ఆయన పెట్టేవారు. ఒక్క లోపాన్ని ఒక్కటిగా విడదీసి సరిచేయడమే ఆయన పద్ధతి. 1962లో జకార్తా ఏషియన్ క్రీడలలో ఆయన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణ పతకం గెలిచిననాడు గోల్ కాచినది ఈ జంట నగరాల బిడ్డ పీటర్ తంగరాజ్. ఆయన కూడ మొదట ఫార్వర్డ్‌గా ఆడినవాడే. గోల్‌కీపింగ్ తరువాత నేర్చినది.

మన జట్టు ప్రతి గురువారం సాయంత్రం అరగంట కేవలం కార్నర్లు మాత్రమే ఆడవలెనని నా సూచన. ఇరవై కార్నర్లు కుడి నుండి, ఇరవై ఎడమ నుండి. ఎవరు ఎక్కడ నిలబడవలెనో కాగితం మీద వ్రాసి స్పోర్ట్స్ గది తలుపుకు అంటించాలి. కీపర్‌కు మంచి గ్లవ్స్ ఒక జత కావలెను. ఇప్పుడున్నవి అరచేతుల వద్ద నున్నగా అరిగిపోయినవి. ఆ విద్యార్థితో నేను మాట్లాడినాను. సాధనకు వస్తానన్నాడు గాని, ఎంపికకు పేరు ఇచ్చే సంగతి ఇంకా చెప్పలేదు. స్టాపర్ కూడ అతని ఇంటికి వెళ్ళి వచ్చాడని విన్నాను.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. మైదానం తూర్పు వైపు గోల్ ముందరి సున్నపు గీతలు ఈ వర్షాలకు పూర్తిగా చెరిగిపోయినవి. గోల్ ఏరియా ఎక్కడ మొదలవుతుందో తెలియనిదే కీపర్ తానెంత దూరం వచ్చాడో తెలుసుకోలేడు. సెలవులు ముగియకముందే ఆ గీతలు మళ్ళీ వేయించగలరని ఆశిస్తున్నాను.