సెలైన్ ఎక్కితేనే వైద్యమా?

కోలుకుంటున్న రోగికి యాంటీబయాటిక్‌ను నరానికి ఇవ్వడం ఆపి మాత్రగా మార్చడానికి చాలాసార్లు అడ్డుపడేది శాస్త్రం కాదు, అలవాటు

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ అట్టుడికినప్పుడు జనం దుకాణాల వెంట తిరిగింది సూదుల కోసం కాదు, టెట్రాసైక్లిన్ గుళికల కోసం. ఆ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసింది. దాన్ని కనిపెట్టిన అమెరికా సంస్థ లెడర్లీలో అప్పటి పరిశోధన సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

అయినా మింగే మందంటే నేటికీ చిన్నచూపే. సూది గుచ్చకపోతే, సీసా వేలాడకపోతే వైద్యమే జరగలేదనుకునే బంధువులు ఎందరో. తెలంగాణ నేత కుటుంబాలు వలస వెళ్లిన సూరత్‌లోనైనా, ఆ నగర శివార్లలోని ఉన్‌లోనైనా రోజు కూలీపై బతికేవారికి ఆస్పత్రిలో అదనంగా గడిపే ప్రతి రోజూ రెండు దెబ్బలు: పెరిగే బిల్లు, పోయే కూలి. పైగా చేతికి ఉంచిన క్యాన్యులా వల్ల నరం వాచిపోవచ్చు, కొత్త ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి చేరవచ్చు.

ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నప్పుడు మొదట నరానికి మందు ఇవ్వడం సరైనదే. 24 నుంచి 48 గంటల తర్వాత పరిస్థితిని మళ్లీ చూడాలి. జ్వరం దిగి, రక్తపోటు, నాడి కుదుటపడి, వాంతులు లేకుండా రోగి మింగగలిగితే చాలా సందర్భాల్లో మాత్ర చాలు. లినెజోలిడ్, లీవోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ వంటివి మింగినా దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరతాయి.

మొండి జబ్బుల్లోనూ ఇది రుజువైంది. ఎముకలు, కీళ్ల ఇన్ఫెక్షన్లున్న 1,054 మందిపై బ్రిటన్‌లో జరిపిన ఒవీవా అధ్యయనం 2019లో వెలువడింది. ఏడాదిలోగా చికిత్స విఫలమైంది నరానికి మందు తీసుకున్నవారిలో 14.6 శాతం, మింగినవారిలో 13.2 శాతం. గుండె కవాటాల ఇన్ఫెక్షన్ స్థిమితపడిన 400 మందిపై డెన్మార్క్‌లో జరిగిన పోయెట్ అధ్యయనంలోనూ మాత్రలు వెనుకబడలేదు.

అలాగని అందరికీ ఒకే సూత్రం కుదరదు. మెదడు పొరల వాపు, రక్తంలో స్టెఫైలోకాకస్ ఉన్న తొలి రోజులు, పేగులు మందును పీల్చుకోలేని స్థితి ఇందుకు మినహాయింపులు. లీవోఫ్లాక్సాసిన్ వంటి మాత్రలను ఐరన్, యాంటాసిడ్‌లతో కలిపి వేసుకుంటే పనితనం తగ్గుతుంది. ఇంటికి వెళ్లాక కోర్సు మధ్యలో మానేస్తే మొదటికే మోసం.

నిర్ణయం డాక్టరుదే. కానీ రెండో రోజు రౌండ్స్‌లో “మాత్రకు మార్చవచ్చా?” అని అడిగే హక్కు రోగికి ఉంది.