148 సెంటీమీటర్ల రాగి పైపు: డాబా మీది యాంటెన్నా లెక్కలు

పొడుగు ముక్క 148 సెంటీమీటర్లు. పొట్టి ముక్క 49 సెంటీమీటర్లు. రెంటి మధ్య ఎడం 5 సెంటీమీటర్లు. అర అంగుళం రాగి పైపును ఈ కొలతలకు కోసి, అడుగున అతికిస్తే 145 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రేడియో యాంటెన్నా తయారవుతుంది. ఆకారం ఇంగ్లీషు ‘జె’ అక్షరంలా ఉంటుంది కాబట్టి దీన్ని జె-పోల్ అంటారు. ఉస్మానియా క్యాంపస్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతూ తార్నాకలో అద్దెకుండే విద్యార్థికి, తరగతిలో బోర్డు మీద చూసిన సూత్రాలను డాబా మీద సరిచూసుకోవడానికి ఇది చవకైన దారి. అయితే డబ్బు, శ్రద్ధ ఎక్కడ పెట్టాలో తెలియాలి. అది అంకెలే చెబుతాయి.

300ని భాగించండి

రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అందుకే 300ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వచ్చేస్తుంది. ఆకాశవాణి హైదరాబాద్ మీడియం వేవ్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్‌ది. దాని తరంగదైర్ఘ్యం 406 మీటర్లు. అందులో పావు వంతు నిలబెట్టాలన్నా 100 మీటర్ల టవరు కావాలి. మరో కొసన ఉస్మానియా ఖగోళశాస్త్ర విభాగం ఉంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఆ విభాగం జపాల్-రంగాపూర్ వేధశాలలో 10 గిగాహెర్ట్జ్ రేడియో టెలిస్కోపుతో పరిశీలించింది. అక్కడ తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లే. అలాంటి చోట మిల్లీమీటరు తేడా కూడా లెక్కకొస్తుంది.

హ్యామ్‌లకు, అంటే అమెచ్యూర్ రేడియో వారికి, మన దేశంలో కేటాయించిన 144–146 మెగాహెర్ట్జ్ పట్టీ ఈ రెండు కొసల మధ్య ఉంది. తరంగదైర్ఘ్యం 2.07 మీటర్లు. ఒక మనిషి ఎత్తి నిలబెట్టగల పొడవు, మామూలు టేపుతో కొలవగల పొడవు. ఇంట్లో చేసే ప్రయోగానికి ఈ పట్టీని ఎంచుకోవడానికి కారణం అదే.

148 ఎలా వచ్చింది?

జె-పోల్‌లో పైనున్న అర తరంగం భాగం ప్రసారం చేస్తుంది. కింద పావు తరంగం మేర పక్కపక్కనే ఉన్న రెండు పైపులు కేబులుకూ ఆ భాగానికీ పొత్తు కుదురుస్తాయి. అర, పావు కలిపితే ముప్పావు. 2.07లో ముప్పావు 155 సెంటీమీటర్లు. కానీ లోహపు కడ్డీ మీద, దాని కొసల ప్రభావం వల్ల, తరంగం ఖాళీ స్థలంలో కన్నా కాస్త పొట్టిగా ఇముడుతుంది. 95, 96 శాతం తీసుకుంటే 148 వస్తుంది. పావు తరంగమైన 52 సెంటీమీటర్లు అలాగే 49 అవుతుంది.

1909లో జర్మనీలో హాన్స్ బెగ్గెరో జెప్పెలిన్ గాలినౌకల కోసం పేటెంటు పొందిన వేలాడే తీగ యాంటెన్నాయే జె-పోల్‌కు మూలం.

కేబులు ఎక్కడ కలపాలన్నది తర్వాతి ప్రశ్న. అర తరంగం కొస దగ్గర నిరోధం వేల ఓముల్లో ఉంటుంది. రెండు పైపులూ కలిసిన అడుగున దాదాపు సున్నా. రేడియో సెట్టుకు, కేబులుకు కావలసింది 50 ఓములు. సున్నా నుంచి వేలకు ఎక్కే దారిలో ఆ 50 ఎక్కడో తగులుతుంది. సాధారణంగా అడుగు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, క్లాంపును పైకీ కిందికీ జరుపుతూ, వెనక్కి వచ్చే శక్తిని తెలిపే ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు చూడాలి. మీటరు 1.5 చూపితే 4 శాతం శక్తి వెనక్కి వస్తోందని అర్థం. 2 చూపితే 11 శాతం, 3 చూపితే 25 శాతం.

పొడవులో 1 సెంటీమీటరు తేడా వస్తే యాంటెన్నా అటో ఇటో సుమారు 1 మెగాహెర్ట్జ్ జరిగిపోతుంది. పట్టీ మొత్తం వెడల్పే 2 మెగాహెర్ట్జ్‌లు. కాబట్టి ముందు 150కి కోయండి. తర్వాత మీటరు చూస్తూ ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయండి. పొడుగైతే తగ్గించవచ్చు, పొట్టిదైతే చేసేదేం లేదు.

రాగి ఇచ్చేది ఎంత?

145 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి లోపలికి దిగదు. పైపొరలో సుమారు 5.5 మైక్రాన్ల లోతులోనే చాలావరకు పారుతుంది. పైపు గోడ మందం 0.8 మిల్లీమీటర్లు అనుకుంటే అది 800 మైక్రాన్లు. అంటే బోలు పైపైనా గట్టి కడ్డీ అయినా పనితీరు ఒకటే. మీటరున్నర పైపు ఈ తరంగానికి ఇచ్చే నిరోధం 0.1 ఓము చిల్లర. తరంగాన్ని గాలిలోకి పంపే భాగపు నిరోధం, దాని నడుమ, 70 ఓములకు పైమాటే. ఆ భాగంలో రాగి తినేసే శక్తి వందలో ఒక వంతు కూడా కాదు.

అల్యూమినియం వాహకత రాగిలో 61 శాతమే అయినా, ఇక్కడ ఆ తేడా చెవికి తెలియదు. రాగిని ఎంచుకోవడానికి అసలు కారణం అతుకు. అల్యూమినియానికి టంకం సులువుగా పట్టదు. రాగికి ఎల్బో, టీ తొడిగి ఏసీ మెకానిక్కు చేత అతికిస్తే వానకూ ఎండకూ ఏళ్ల తరబడి నిలుస్తుంది. చుట్టగా అమ్మే మెత్తటి ఏసీ పైపు నిటారుగా నిలవదు. హాస్పిటల్ ఆక్సిజన్ లైన్లకు వాడే గట్టి, నిటారు పైపు అడగండి. రెండు మీటర్లు అర కిలో పైచిలుకు తూగుతుంది.

కేబులు మింగేది సగం

రాగిలో పోయేది ఒక శాతం లోపే. మరి కేబులులో? సన్నటి ఆర్‌జీ-58 కేబులు 15 మీటర్లు వేస్తే 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెళ్ల నష్టం. చేతి సెట్టు ఇచ్చే 5 వాట్లలో డాబా చేరేది రెండున్నరే. లావుపాటి ఆర్‌జీ-213 అయితే నష్టం పావు వంతు. వినడానికి మాత్రమే అయితే టీవీ కేబులు ఆర్‌జీ-6 కూడా చాలు. అది 75 ఓములదైనా ఆ పొత్తు లోపం వల్ల పోయేది 4 శాతమే. మొత్తంగా ఆర్‌జీ-58 కన్నా మెరుగు. కలిపే చోటుకు కాస్త కింద కేబులును నాలుగైదు చుట్లు చుట్టి కట్టేయండి. కేబులు పైతొడుగు యాంటెన్నాలా మారకుండా అది ఆపుతుంది.

ఎత్తు లెక్క మరొకటి. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిఙ్మండలం కిలోమీటర్లలో వస్తుంది. 9 మీటర్లకు 12 కిలోమీటర్లు, 25 మీటర్లకు 20 కిలోమీటర్లు దాటి. తార్నాక నుంచి చార్మినార్ సూటిగా 10 కిలోమీటర్లు. లెక్క ప్రకారం అందాలి కానీ మధ్యనున్న కాంక్రీటు ఆ అంకెను తగ్గిస్తుంది. రెండంతస్తుల నుంచి అయిదంతస్తుల డాబాకు మారితే వచ్చే లాభం ఏ ఖరీదైన లోహంతోనూ రాదు.

400 కిలోమీటర్ల పైనుంచి

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం హ్యామ్‌ల కోసం 145.8 మెగాహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తుంటుంది. నడినెత్తిన ఉన్నప్పుడు దూరం సుమారు 400 కిలోమీటర్లు, దిఙ్మండలం దగ్గర 2,300. దూరం వల్లనే అందే శక్తిలో 30 రెట్ల తేడా. జె-పోల్ దిఙ్మండలం వైపు బాగా వింటుంది, నిట్టనిలువు పైకి తక్కువ వింటుంది. కాబట్టి కేంద్రం మధ్యస్థంగా పైకి లేచినప్పుడు ప్రయత్నించండి.

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన 42.5 కిలోల ఉపగ్రహం హ్యామ్‌శాట్ కూడా 145.9 మెగాహెర్ట్జ్ దగ్గరే మాట్లాడేది. 2014 దాకా పనిచేసింది.

ఎక్కే ముందు

గల్లీల్లో డాబాలను రాసుకుంటూ 11 కేవీ తీగలు పోతుంటాయి. పైపు పడినా తీగను తాకనంత దూరం లేకపోతే పని మొదలుపెట్టవద్దు. కింది భాగాన్ని మందపాటి తీగతో ఎర్త్ చేయండి. ఉరుములప్పుడు కేబులు పీకేయండి.

ప్రసారం చేయాలంటే కేంద్ర టెలికాం శాఖ నిర్వహించే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. 12 ఏళ్లు నిండితే చాలు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు. హైదరాబాద్‌లోనే 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. 2004 డిసెంబరులో దాని తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం, 26న సునామీ వచ్చి మిగతా దారులు తెగినప్పుడు, పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేసింది. వాళ్లు వాడింది వేల కిలోమీటర్లు పోయే షార్ట్‌వేవ్ పట్టీలు. అయినా కొలిచి కట్టడం, మీటరు చూసి సరిచేయడం అక్కడా ఇక్కడా ఒకే విద్య.

అందుకే విద్యార్థులకు చెప్పేది ఒకటే. రాగి మందం మీద డబ్బు పోయకండి. మంచి కేబులు కొనండి, ఎత్తైన డాబా వెతకండి, టేపుతో రెండుసార్లు కొలవండి. లైసెన్సు వచ్చేదాకా వినండి, వచ్చాక మాట్లాడండి.