లాభమున్నను రొక్కమేది? - నగదు ప్రవాహ నివేదిక

వాణిజ్యశాస్త్ర విద్యార్థులు లాభనష్టాల ఖాతాను, ఆస్తి అప్పుల పట్టీని శ్రద్ధగా నేర్చుకొందురు. మూడవదైన నగదు ప్రవాహ నివేదికను మాత్రము పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టు ఒక లెక్కగానే తలచుట మేము తరగతిలో గమనించుచున్నాము. కాని ఒక వ్యాపారము నిలుచునా, మూతపడునా అను ప్రశ్నకు సమాధానము తరచుగా ఈ మూడవ పత్రములోనే దొరకును.

అమెరికాలో 1906లో స్థాపింపబడిన డబ్ల్యు. టి. గ్రాంట్ అను చిల్లర వర్తక సంస్థకు వేయికి పైగా దుకాణములుండెడివి. 1973లో దాని వాటాలు ఆర్జనకు ఇంచుమించు ఇరవై రెట్ల ధర పలికినవి. 1975 అక్టోబరులో అది దివాలా తీసినది. 1980లో లార్గే, స్టిక్నీ అను ఇరువురు ఆచార్యులు ఆ సంస్థ పాత లెక్కలను పరిశీలించి, లాభములు కనబడుచున్న సంవత్సరములలో సైతము వ్యాపారము నుండి తగినంత రొక్కము రాలేదని చూపిరి. డబ్బంతయు అరువు ఖాతాలలోను, సరుకు నిల్వలలోను చిక్కుకొన్నది. వాటాదారులు లాభమును చూచి సంతసించిరి. జీతములకు, సరఫరాదారులకు కావలసినది రొక్కము.

ఈ తేడా ఎట్లు వచ్చును? సరుకు అమ్మిన దినముననే లాభము వచ్చినట్లు లెక్క వ్రాయుదుము. డబ్బు ఆరు మాసములకు రావచ్చును, రాకపోవచ్చును. మన బజారులోని ఒక బట్టల దుకాణమును ఊహించుకొందము. సంవత్సరపు నికర లాభము 1,20,000 రూపాయలు. దీనికి తరుగుదల 20,000 కలుపవలెను. తరుగుదల వలన రొక్కము వచ్చునని కొందరు పరీక్షలో వ్రాయుదురు. అది పొరపాటు. రొక్కము చెల్లింపకయే ఖర్చుగా తీసివేసితిమి గనుక తిరిగి కలుపుచున్నాము, అంతే. పెండ్లిండ్ల కాలములో అరువుపై అమ్మినందున రుణగ్రస్తుల బాకీ 1,50,000 పెరిగినది, దీనిని తీసివేయవలెను. సరుకు నిల్వ 60,000 పెరిగినది, అదియు తీసివేయవలెను. మనము టోకు వర్తకులకు ఇయ్యవలసినది 30,000 పెరిగినది. ఆ మేరకు రొక్కము మన వద్దనే ఉన్నది గనుక కలుపవలెను. వెరసి వ్యాపార కార్యకలాపముల నుండి 40,000 రూపాయల లోటు. లక్షా ఇరవైవేలు లాభము వచ్చిన దుకాణమునకు!

రెండవ భాగము పెట్టుబడి కార్యకలాపములు. సరుకు రవాణాకు 90,000 పెట్టి ఒక పాత ట్రాలీ ఆటో కొన్నారు. మూడవది విత్త కార్యకలాపములు. బ్యాంకు అప్పు 1,20,000 వచ్చినది, యజమాని సొంత వాడకము 60,000 పోయినది, మిగులు 60,000. మూడింటిని కలిపిన 70,000 తగ్గుదల. సంవత్సరారంభమున ఉన్న 85,000లో చివరకు మిగిలినది 15,000.

ఈ చివరి అంకె చేతిలోని రొక్కముతోను, బ్యాంకు నిల్వతోను సరిపోవలెను. ఆ నిల్వను బ్యాంకు నుండియే నేరుగా ధ్రువపరచుకొనవలెను. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేయని 2009 జనవరిలో దాని అధ్యక్షుడే లేఖ ద్వారా ఒప్పుకొనెను. అట్టిచోట నివేదిక ఎంత చక్కగా కూడికకు వచ్చినను ప్రయోజనము లేదు.

పైన చూపినది పరోక్ష పద్ధతి. వచ్చిన డబ్బును, పోయిన డబ్బును నేరుగా వ్రాయు ప్రత్యక్ష పద్ధతియు కలదు. స్థిరాస్తి అమ్మినప్పుడు వచ్చిన లాభమును మొదటి భాగములో తీసివేసి, అమ్మకపు మొత్తమును రెండవ భాగములో చూపవలెనని మరువరాదు.

భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1997లో తన మూడవ ప్రమాణమును సవరించి ఈ నివేదికను ప్రవేశపెట్టినది. 2013 కంపెనీల చట్టము దీనిని ఆర్థిక నివేదికలలో భాగము చేసినది. చిన్న కంపెనీలకు, ఏకవ్యక్తి కంపెనీలకు మినహాయింపు కలదు. మినహాయింపు పొందినవారికే దీని అవసరము ఎక్కువని మా అభిప్రాయము.

మన దుకాణము సంగతియే చూడుడు. వ్యాపారము నుండి ఒక్క రూపాయి రానందున ట్రాలీ ఆటో వెల, ఇంటి ఖర్చు కూడ అప్పు నుండియు, పాత నిల్వ నుండియు వచ్చినవే. వచ్చే సంవత్సరము వాయిదాలు కట్టవలెను. లక్షన్నర అరువు వసూలు కానిచో అవి కట్టుటకు మిగిలినది ఆ పదునైదు వేలే.